పీచు జడలు

పెద్ద టీచరుగారు జడ పట్టుకుని లాగినప్పుడు సత్యదుర్గ అరవలేదు. ఆ జడ ఆమె తలలో మొలిచినది కాదు. ఉదయం ప్రార్థన ఇంకా పూర్తికాకముందే, మూడు వందల మంది ఆడపిల్లల ఎదుట, ఎర్ర రిబ్బనుతో సహా ఊడి పెద్ద టీచరుగారి చేతిలోకి వచ్చింది. ఆమె దానిని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసి, తేలును పట్టుకున్నట్టు విసిరికొట్టింది.

"పీచు! కొబ్బరి పీచుకి నల్లరంగు వేసి తగిలించుకొచ్చింది!"

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత వరుసలన్నీ నవ్వాయి. పెద్ద టీచరుగారు పదో తరగతి వరుస పొడవునా నడిచి మరో ఎనిమిది మంది జడలు ఊడబెరికింది. పద్దెనిమిది పీచు జడలు ఇసుకలో పడ్డాయి. తొమ్మిది మంది పిల్లలు మెడ పైకి కత్తిరించిన జుట్టుతో తలలు దించుకుని నిలబడ్డారు.

ఆ తరగతికి క్లాసు టీచరును నేను. నేను నవ్వలేదు. నవ్వకపోవడమే నా వంతు న్యాయమని ఆ నిమిషంలో నన్ను నేను నమ్మించుకున్నాను. అది న్యాయం కాదు, భయం.

ఇది 1997 డిసెంబరులో, కొత్తపేటకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి బాలికల పాఠశాలలో జరిగింది. పాఠశాల కరస్పాండెంటు కేశవరావు గారు. కాలవ గట్టున ఉన్న పీచు మిల్లు యజమాని కూడా ఆయనే. ఆ నెల మొదట్లోనే ఆయన ఒక నియమం పెట్టారు. ప్రతి ఆడపిల్లా నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, వాటిని మడిచి ఎర్ర రిబ్బను కట్టుకుని రావాలి. రెండు జడలు లేని పిల్ల తరగతిలో కూర్చోకూడదు.

ఈ నియమంలో తప్పేముందని మీరు అడగవచ్చు. కాన్వెంటులో నన్ను చదివించిన సిస్టర్లు కూడా రెండు జడలే వేయించారు, నేనూ అడగలేదు. కానీ ఈ తొమ్మిది మంది ఊరవతల కూలీల పేట పిల్లలు. తెల్లవారుజామున అయిదింటికి తల్లుల వెంట మిల్లుకు వెళ్ళి, ఎనిమిదింటి వరకు పీచు తీసే యంత్రానికి కొబ్బరి డొక్కలు అందించి, కాలవలో కాళ్ళు కడుక్కుని బడికి వచ్చేవారు. రెండేళ్ళ కిందట ఆ యంత్రం రోలర్లలో కాంతం అనే కూలి మనిషి జడ పడింది. జుట్టుతో పాటు నడినెత్తి చర్మం కూడా ఊడి వచ్చింది. రోలర్ల మీద ఇనప మూత లేదు. కేశవరావు గారు మూత వేయించలేదు. యంత్రం దగ్గర పనిచేసే ఆడవాళ్ళు, పిల్లలు అందరూ జుట్టు మెడ పైకి కత్తిరించుకోవాలని చాటించారు. మంగలిని కూడా ఆయనే పంపారు.

మిల్లులో జుట్టు ఉండకూడదు, బడిలో జుట్టు లేకపోతే కుదరదు. రెండు ఆజ్ఞలూ ఒక్క మనిషివే, రెండూ ఒక్క తల మీదే.

పేట పెద్ద ఎర్రయ్య మెత్తని మనిషి. "అయ్యగారికి కావలసింది జడలే గదా, జడలు సూపిద్దాం. గొడవెందుకు?" అన్నాడు. సత్యదుర్గ తల్లి జ్ఞానమ్మ పదేళ్ళుగా పీచు తాడు పేనుతున్న మనిషి. మెత్తటి పీచు ఏరి, బట్టల రంగులో ఉడకబెట్టి, తొమ్మిది మందికీ మూడు పాయల జడలు అల్లింది. ఆ అల్లిక చూసి పేటంతా మురిసింది. ఆరు రోజులు ఆ జడలు నిజం జడలుగానే చెల్లాయి. ఏడో రోజు మంచు కురిసి, తడిసిన రంగు సత్యదుర్గ తెల్లచొక్కా మీదకు కారింది. పెద్ద టీచరుగారు చూసింది.

మరునాడు మేము అయిదుగురం కేశవరావు గారి అరుగు దగ్గరకు వెళ్ళాము. జ్ఞానమ్మ, కాంతం, ఎర్రయ్య, కొబ్బరికాయలు దింపే కార్మికుల సంఘం నడిపే అబ్బులు, నేను. నాకు కుర్చీ వేయించారు. వాళ్ళు మెట్టు కింద నిలబడ్డారు. నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. దానిని ఎవరూ గమనించలేదు కూడా.

"అయ్యగారండీ, జుట్టు కత్తిరించుకోమన్నది తవరేనండి. జడలెయ్యమన్నదీ తవరేనండి. మేం ఏ మాట ఇనాలో సెప్పండి" అంది జ్ఞానమ్మ.

కేశవరావు గారు కోపం తెలియని మనిషి. ఎప్పుడూ మెల్లగా, మర్యాదగా మాట్లాడతారు. "మిల్లు మిల్లే, బడి బడే జ్ఞానమ్మా. రెండూ కలపకూడదు."

"తల ఒకటేనండి."

"జుట్టే గదా. మొలిచేదాకా ఆగమను."

"పరీచ్చలు మార్చిలోనండి. అప్పటికి జడంత మొలవదండి" అన్నాడు అబ్బులు.

"అయితే వచ్చే ఏడు రాస్తారు. కొంప మునిగిందేముంది?"

"రైసు మిల్లు వారి అమ్మాయి ప్రశాంతిగారు గుండుతో ముందు బల్ల మీద కూసుంటన్నారు గదండి. ఆరికి రెండు జడలు ఏవండి?" అన్నాడు అబ్బులు మళ్ళీ.

"ఏం మాటయ్యా అది? అది తిరుపతి మొక్కు."

"మాదీ మొక్కేనండి" అంది కాంతం, తలగుడ్డ సర్దుకుంటూ. "తవరి యంత్రానికి ఇచ్చుకున్నావండి."

ఎర్రయ్య కంగారుపడి దగ్గాడు. కేశవరావు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మూత ఏయించండి బాబూ. మూతుంటే పిల్లలు జుట్టు పెంచుకుంటారు. రెండు గొడవలూ తీరిపోతాయి" అంది కాంతం మళ్ళీ.

"మూత వేస్తే గంటకి సగం డొక్కే పడుతుంది" అని లేచి ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తరువాత రెండు నెలలు మేము కాగితాలు రాశాము. మంచి కాగితాలే రాశాను, ఒక్క అక్షరం తప్పు లేకుండా. మండల విద్యాధికారి ఇది పాఠశాల అంతర్గత క్రమశిక్షణ అని జవాబిచ్చారు. కాకినాడలో పెద్ద కార్యాలయం వారు ఫైలు నడుస్తోందన్నారు. మూడుసార్లు వెళ్ళాము, మూడుసార్లూ నడుస్తూనే ఉంది. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు మాత్రం, మిల్లులో పిల్లలు పనిచేస్తున్నారని రుజువైతే మూత వేయించక తప్పదని చెప్పాడు. "రుజువు ఏముందండీ?" అని అడిగాడు. తొమ్మిది కత్తిరించిన తలలు ఉన్నాయని చెప్పాను. తలలు కాగితం మీద ఉండాలన్నాడు.

పిల్లలు రోజూ బడికి వస్తూనే ఉన్నారు. గేటు బయట, గోడ పక్కన కూర్చునేవారు. నేను కిటికీ దగ్గర నిలబడి గొంతు పెంచి పాఠం చెప్పేదాన్ని. హాజరు పట్టీలో వాళ్ళకు హాజరు వేశాను. పదకొండో రోజున పట్టీ నా చేతిలోనుంచి తీసుకుని వేరే టీచరుకు ఇచ్చారు. పన్నెండో రోజున ఆ కిటికీ మూయించారు.

మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం మిల్లు గుమాస్తా సూరిబాబు సైకిలు మీద పేటకు వచ్చాడు. తాళ్ళు పేనే ఖాళీ స్థలంలో అందరూ చేరారు. అతని సంచీలో తొమ్మిది హాల్ టికెట్లు ఉన్నాయి. వాటితో పాటు ఒక కాగితం ఉంది.

"అయ్యగారు కనికరించేరండి. తొమ్మిది మందీ సంతకం పెడితే టికెట్లు ఇచ్చెయ్యమన్నారు. అందరూ పెట్టాలండోయ్. ఒక్కరు మానినా ఎవరికీ లేవు."

కాగితాన్ని సత్యదుర్గ చేతికి ఇచ్చి చదవమన్నాను. ఆ పిల్ల అందరికీ వినబడేలా చదివింది. 'మేము మిల్లులో ఎన్నడూ పని చేయలేదు. మా జుట్టును సోకు కోసం మా అంతట మేమే కత్తిరించుకున్నాము. మిల్లు యంత్రం వలన ఎవరికీ ప్రమాదం లేదు.'



"పెట్టెయ్యండర్రా" అన్నాడు ఎర్రయ్య. "కాగితమే గదా. పదో తరగతి పేసయిన పిల్ల ఈ పేటలో ఒక్కతైనా ఉందా? తొమ్మిది మంది పేసవుతారు."

"కాగితమే అయితే ఆయనెందుకు పంపేడు మావా?" అన్నాడు అబ్బులు. "ఇన్‌స్పెక్టరుకి సూపిత్తాడు. మూత మాట ఇంక ఎత్తక్కర్లేదు."

"నీకేం, నువ్వు సెట్టెక్కేవాడివి. నీ కూతురు లేదిందులో" అని ఒక తల్లి కసిరింది. "ఈ ఏడు తప్పితే మా ఆయన పిల్లకి పెళ్ళి సేసేత్తానంటన్నాడు. ఇంకో ఏడు ఎవడు ఆగుతాడు?"

  సంఘం గురించి, హక్కుల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఆ తల్లి ప్రశ్న ముందు మూగబోయాయి.

అప్పుడు కాంతం లేచి తలగుడ్డ విప్పింది. రెండేళ్ళుగా పేటలో ఎవరూ ఆ తల చూడలేదు. నడినెత్తి మీద అరచేయంత మేర, కాలి మానిన తోలులా, ఎర్రగా మెరుస్తోంది.

"సూడండి. ఇది మొలిసేది కాదు. మూతేసినా మొలవదు, ఎయ్యకపోయినా మొలవదు. నా కోసం మీ పిల్లలు ఆగక్కర్లేదు. పెట్టండమ్మా సంతకం. ఎవరడిగినా ఇది పుట్టుమచ్చని సెప్పుకుంటాలే."

సూరిబాబు తల తిప్పుకున్నాడు. జ్ఞానమ్మ కాంతం పక్కన నిలబడి కూతురి వైపు చూసింది. "పెట్టవే" అంది. "రాత్రనక పగలనక నేను తాడు పేనింది, నువ్వు ఆ తాడు పేనకూడదనే. పెట్టు."

సత్యదుర్గ కాగితాన్ని మడిచింది. "మేం తొమ్మిది మందిమీ ఒక్క మాట అనుకుని వత్తామమ్మా" అంది.

పిల్లలు డొక్కల కుప్ప వెనక్కి వెళ్ళారు. పెద్దవాళ్ళమంతా ఎండలో నిలబడి వాళ్ళ కోసం ఎదురుచూశాము. పేటలో పెద్దలు పిల్లల మాట కోసం అలా నిలబడడం అంతకుముందు జరగలేదు. కుప్ప వెనక ఒకరు ఏడవడం వినిపించింది. ఇంకొకరు తిట్టడం వినిపించింది. 

తిరిగి వచ్చి తొమ్మిది మందీ వరుసగా నిలబడ్డారు.

"పెట్టమండి" అంది సత్యదుర్గ. "మిల్లులో పని సెయ్యలేదని ఇప్పుడు రాస్తే, రేపు మా సెల్లెలి సెయ్యి రోలర్లో పడినా, పడలేదనే రాయమంటారండి. అప్పుడు ఏ మొహంతో కాదంటాం?"

"ఆయ్. నేనూ పెట్టనండి" అంది రెండో పిల్ల. చివర ఉన్న సత్యప్రియ, పెళ్ళి మాట ఎత్తిన తల్లి కూతురు, ఏడుస్తూనే అదే మాట అంది.

జ్ఞానమ్మ కూతురి చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ పేటంతా విన్నది. తరువాత ఆ చేత్తోనే కాగితం లాక్కుని సూరిబాబు సంచీలో పెట్టింది.

"పట్టుకెళ్ళండి బాబూ. టికెట్లు కూడా పట్టుకెళ్ళండి."

పరీక్షలు మొదలైన రోజున మా పాఠశాలే కేంద్రం. నన్ను రెండో గదిలో కాపలా టీచరుగా వేశారు. బల్లల మీద నంబర్లు అంటించి ఉన్నాయి. తొమ్మిది బల్లలు ఖాళీ. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. తొమ్మిది మంది పిల్లలు ఉతికిన యూనిఫారాలు వేసుకుని, చేతుల్లో పెన్నులు పట్టుకుని, గేటు చువ్వల అవతల నిలబడి ఉన్నారు. తొమ్మిదిన్నరకు గంట కొట్టారు. నౌకరు గేటుకు తాళం వేశాడు. పిల్లలు అక్కడే నేల మీద కూర్చున్నారు.

అప్పుడు కాలవ గట్టు మీదుగా మిల్లు ఆడవాళ్ళు వచ్చారు. నలభై మందికి పైనే. యంత్రం ఆపి, ఉన్నవాళ్ళు ఉన్నట్టు, కనుబొమల మీద పీచు పొట్టుతో, తలగుడ్డలు విప్పేసి వచ్చారు. అందరివీ కత్తిరించిన తలలే. ముందు కాంతం ఉంది. "యంత్రానికి మూత వెయ్యాలి! పిల్లలకి బడి కావాలి!" అని అరిచారు. ఒక్కసారే అరిచారు.

జ్ఞానమ్మ చేయెత్తింది. ఆమె మాట గదిలోకి స్పష్టంగా వినిపించింది. "ఆగండి. లోపల పిల్లలు రాసుకుంటన్నారు. నోరెత్తకండి."

తమ పిల్లలకు అందని పరీక్షకు భంగం కాకూడదని నలభై మంది ఆడవాళ్ళు నోళ్ళు మూసుకుని గేటు ముందు బైఠాయించారు. నా జీవితంలో నేను చూసిన సభలలో అంత నిశ్శబ్దమైన సభ మరొకటి లేదు.

పోలీసులు పావుగంటలో వచ్చారు. ఎస్సై మర్యాదగానే మొదలుపెట్టాడు. "పరీక్ష కేంద్రం దగ్గర గుంపు కూడకూడదమ్మా. సెక్షన్ ఉంది. లేవండి."

ఎవరూ లేవలేదు. ఆడ పోలీసులు ఇద్దరు జ్ఞానమ్మను భుజాలు పట్టుకుని లేపి వ్యాను ఎక్కించారు. కాంతాన్ని ఈడ్చుకెళ్ళారు. అబ్బులు దింపు కార్మికులతో పరుగెత్తుకు వచ్చేసరికి అతణ్ణి కూడా ఎక్కించారు. ఒక్క కేక లేదు. లాఠీ చప్పుడు మాత్రం వినిపించింది. గదిలో పిల్లలు తలలు ఎత్తారు. రాయండమ్మా అన్నాను. ఆ మాట అనడం తప్ప నేను చేయగలిగినది మరేమీ లేకపోయింది. తాళం నా దగ్గర లేదు, టికెట్లు నా దగ్గర లేవు. సాయంత్రానికి ఉద్యోగం కూడా లేకుండా పోయింది, కానీ అది చెప్పుకోదగినది కాదు.

దొరికినవాళ్ళతో వ్యాను దాదాపు నిండింది, మిగిలిన ఆడవాళ్ళను వెనక్కి నెట్టేశారు. పిల్లలను ఇళ్ళకు పొమ్మని ఎస్సై గదమాయించాడు. "మైనర్లు మీరు. కేసు లేదు. పొండి."

సత్యదుర్గ లేచి లంగా దులుపుకుంది. వ్యాను దగ్గరకు నడిచింది.

"ఏయ్, ఎక్కడికే?"

"ఇవాళ మాకు బడి లేదండి. మిల్లుకి కూడా ఎల్లమండి. ఇంకెక్కడికి ఎల్లాలండి మేం?"

పెన్ను జేబులో పెట్టుకుని ఎక్కింది. వెనక సత్యప్రియ ఎక్కింది. తొమ్మిది మందీ ఎక్కారు. కానిస్టేబులు ఒకరిని దింపితే ఇంకొకరు ఎక్కుతున్నారు. చివరకు ఎస్సై విసుగుతో తలుపు వేయించాడు.

వ్యాను కాలవ వంతెన దాటుతుండగా మిల్లు సైరన్ కూసింది. అది పదింటి సైరన్. పక్క పేటల నుంచి రెండో షిఫ్టు మనుషులు డొక్కల దగ్గరకు చేరవలసిన వేళ. గట్టు మీద ఒక్క మనిషి లేడు. కాసేపటికి మళ్ళీ కూసింది. మూడోసారి ఇంకా ఎక్కువసేపు కూసింది. పక్క పేటల నుంచి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా రోడ్డు మీదకు రావడం కిటికీలోంచి కనిపించింది. వాళ్ళెవరూ మిల్లు వైపు తిరగలేదు. స్టేషన్ వైపు నడిచారు.