పెరటి గుమ్మం ప్రచారం

సూర్యకాంతమ్మ వీధి గుమ్మంలోంచి ఎవరింటికీ వెళ్లేది కాదు. మొగుడు పోయి పదకొండేళ్లు. పొద్దున్నే ఎవరో పనిమీద బయల్దేరుతుంటే తను ఎదురై, ఆ పని చెడితే ఆ పాపం తనకెందుకని, నరసాపురంలో వాళ్ల వార్డంతా పెరటి సందుల్లోంచే తిరిగేది. అలా తిరగమని ఎవరూ అనలేదు, తిరగొద్దనీ అనలేదు. మనవాళ్లు గడుసువాళ్లండీ, అలాంటివి నోటితో అనరు.

ఆ పెరటి గుమ్మాల్లోంచే ఆవిడ పార్టీని ఇంటింటికీ మోసింది. రామాలయం ఇటుకలకి ఆడవాళ్ల చేత పసుపు రాయించింది. లేసు అల్లుకునేవాళ్ల పక్కన చతికిలబడి కాషాయ జెండా సంగతులు చెప్పింది. కుళాయి రానివాళ్ల చేత అర్జీలు పెట్టించింది. మగ నాయకులేమో వీధి అరుగుల మీద కాఫీలు తాగి, ఆడవాళ్ల ఓట్లు తమ ఉపన్యాసాలకే పడుతున్నాయనుకునేవారు.

రెండువేలలో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. వార్డు ఆడవాళ్లకి కేటాయించారు. టికెట్టు తనకిమ్మని సూర్యకాంతమ్మ అడిగింది. జీవితంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"మీరు మాకు తల్లిలాంటివారండి," అన్నారు పట్టణ అధ్యక్షుడు సాంబశివరాజుగారు, చేతులు జోడించి మరీ. తల్లి అనేశాక ఇంక కుర్చీ ఏం అడుగుతుంది? టికెట్టు ఆయన కోడలు నాగశ్రీకి ఖాయం చేసుకున్నారు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కాపురానికొచ్చి రెండేళ్లు. పోస్టరు మీద నిండుగా బొట్టూ, మెడలో నల్లపూసలూ కనబడితే లక్ష్మీకళట.

రాజమండ్రి నుంచి పార్టీ పరిశీలకుడు వెంకటరత్నంగారొచ్చిన రోజు రాజుగారి సావిట్లో మీటింగు. సూర్యకాంతమ్మ వంటింట్లో టిఫిన్లు చూస్తోంది.

"వార్డులో మనకి గట్టి ఓట్లెన్నమ్మా?" అని వెంకటరత్నంగారు నాగశ్రీని అడిగారు.

"నాకు తెలియదండి. పక్కిల్లూ ఎదురిల్లూ తప్ప నేనెవర్నీ ఎరగను. వంటింట్లో ఉప్మా కలుపుతున్నారే, ఆ పిన్నిగారికి తెలుసు. పేరు ఆవిడదే రాయండి."

సాంబశివరాజుగారి మొహం కందగడ్డయింది. "బాగానే ఉందమ్మా. రోజూ పొద్దున్నే ఆవిడ వీధిలోకొస్తే, ఎదురయ్యేవాళ్ల శకునం సంగతేంటి?"

నాగశ్రీ తల వంచుకునే అంది. "తప్పుగా అనుకోకండి మావయ్యగారూ. అత్తయ్యగారు పోయి నాలుగేళ్లయింది. మీరు ఎదురొస్తే ఎవరైనా వెనక్కి తిరిగి వెళ్లారాండీ?"

రాజుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు. గడుసుదనమంతా ఏమైపోయిందో పాపం. చివరికి, "ఆవిడ పేరే రాయండి," అన్నారు.

వంటింట్లో సూర్యకాంతమ్మ గరిటె పట్టుకునే ఏడ్చింది. పదకొండేళ్లుగా ఆ మాట తనకే తోచలేదు. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి తోచింది, చేతికందిన పదవి కూడా వదులుకుంది. ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకున్నానో అనుకుంది.

నామినేషను రోజు ఆవిడ వీధి గుమ్మం దాటేసరికి, నిండు బిందెతో నాగశ్రీ ఎదురొచ్చింది. సూర్యకాంతమ్మ ఆ పిల్ల బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"నీ మేలు మరిచిపోతే నాకు పుట్టగతులుండవే, తల్లీ."

"అవన్నీ తర్వాత పిన్నిగారూ. వర్జ్యం వచ్చేస్తుంది, నడవండి."

బిందె అరుగు మీద పెట్టి నాగశ్రీ కూడా పక్కన నడిచింది. వీధి మలుపులో బ్యాంకు గుమాస్తా జగన్నాథరావు ఆఫీసుకి స్కూటరు స్టార్టు చేస్తున్నాడు. సూర్యకాంతమ్మ కాళ్లు అలవాటుకొద్దీ సందువైపు తిరిగాయి. ఆగింది. తిన్నగా అతని ఎదురుగా వెళ్లి నిలబడి, నమస్కారం పెట్టి ఓటడిగింది.