రాళ్లు తీసిన దారి

అక్టోబరు 14, మంగళవారం. ఉదయం 11 గంటల 20 నిమిషాలకు అడ్వకేట్ కమిషనర్ ప్రసన్నకుమార్ చీమకుర్తికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక క్రైస్తవ పల్లెలో కారు దిగారు. సమాధుల తోటకు వెళ్లే దారి మీద ఒక్క రాయి కూడా లేదు.

దారి మీద రాళ్లున్నాయన్నదే కేసు. పక్క క్వారీ వాళ్లు రెండేళ్లుగా పనికిరాని గ్రానైట్ రాళ్లను లారీల్లో తెచ్చి ఆ దారిలో పోస్తున్నారని, శవాన్ని మోసుకెళ్లడానికి కూడా చోటు లేదని పల్లె వాళ్లు ఒంగోలు కోర్టులో దావా వేశారు. చోటు చూసి ఉన్నది ఉన్నట్టు రాసివ్వమని కోర్టు ప్రసన్నకుమార్‌ను పంపింది. ఆయన టేపు పట్టించారు. "వెడల్పు తొమ్మిది అడుగులు. అడ్డంకులు లేవు. రెండు వైపులా సున్నం గీతలు వేసి ఉన్నాయి" అని రాసుకున్నారు. క్వారీ తరఫు న్యాయవాది ఆ వాక్యాలను రెండుసార్లు చదివించుకుని విన్నారు.

పల్లె వాళ్లు అందరికీ కొబ్బరి బోండాలు కొట్టి ఇచ్చారు.

పల్లె తరఫు న్యాయవాది లిడియా ఆ సమయానికి హైదరాబాదులో ఉంది. ఆమె వయసు ఇరవై ఆరు. గుంటూరులో లా చదివింది. రెండేళ్లుగా ఒంగోలులో రామకాంత్ దగ్గర జూనియర్. ఈ కేసు ఉచిత న్యాయ సహాయం కింద ఆమెకు వచ్చింది. ఆ రోజు ఒక మందుల కంపెనీ లీగల్ విభాగంలో ఆమెకు ఆఖరి ఇంటర్వ్యూ ఉంది. తన బదులు తనిఖీకి వెళ్లమని సీనియర్‌ను అడిగింది. ఆయన అక్కడి నుంచే ఫోన్ చేశారు.

"ఏమ్మా, కేసు ఎక్కడ పెట్టావు?"

"ఏమైంది సార్?"

"ఇక్కడైతే కనపడటం లేదు. కారు తిన్నగా సమాధుల దాకా వచ్చింది. మీ వాళ్లు ఊడ్చి, సున్నం కొట్టి ఉంచారు."

తనిఖీకి ముందటి ఆదివారం ఆరాధన అయ్యాక పదిహేడు మంది పలుగులు తీసుకుని పనిలోకి దిగారు. పెద్ద రాళ్లకు గొలుసులు కట్టి ట్రాక్టరుతో లాగారు. సోమవారం ఆడవాళ్లు మిరప చేలో కలుపు పని మానుకుని వచ్చి చిన్న రాళ్లు ఏరారు. సాయంత్రానికి దారి తయారైంది. రాళ్లు ముట్టుకోవద్దని లిడియా వాళ్లకు చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు.

పదహారో తేదీన లారీలు మళ్లీ వచ్చాయి. రాళ్లు మళ్లీ దారిలో పడ్డాయి.

పదిహేడో తేదీన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నవంబరు 3న చేరాలి. దానితో పాటు ఒక ఫారం ఉంది. జీతం మీద ఉద్యోగంలో చేరే న్యాయవాది తన నమోదును నిలిపివేయమని బార్ కౌన్సిల్‌ను కోరే ఫారం అది. దాని మీద సంతకం చేసి పంపితే ఆమె ఇక కోర్టులో వాదించలేదు.

చదువుకునే రోజుల్లో లిడియా ఆ కంపెనీలోనే ఆరు వారాలు శిక్షణ పొందింది. తొంభై పేజీల ఒప్పందంలో పద్నాలుగో పేజీలోని షరతుకు అరవై ఒకటో పేజీ అడ్డం వస్తోందని కనిపెట్టింది. సాయంత్రంలోగా ఆ పేజీ మార్చారు. ఒంగోలులో ఈ రెండేళ్లలో ఆమె రాసిన ఏ కాగితానికీ అలా జరగలేదు. అప్పటి గుర్తింపు కార్డు ఆమె పర్సులోనే ఉంది. తను కూర్చున్నది మూడో అంతస్తులో, ఎడమ నుంచి నాలుగో కిటికీ దగ్గర. పని లేని మధ్యాహ్నాల్లో ఆమె ఫోన్‌లో ఆ భవనం ఫొటో తెరిచి చూసేది.

కమిషనర్ నివేదిక మీద అభ్యంతరం రాసి, రెండో తనిఖీ కావాలని ఆమె పిటిషన్ వేసింది. వాయిదా నవంబరు 4కి పడింది.

"నువ్వెళ్లమ్మా. వాయిదా నేను చూసుకుంటా" అన్నారు రామకాంత్.

"ఆ రాళ్లు మీరు చూడనేలేదు కదా సార్."

"దారి చూశాగా. ఏసీ కార్లో వెళ్లా." ఆయన ఫైలు మూశారు. "నాకూ ఒకప్పుడు మద్రాసు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది."

"వెళ్లలేదేం?"

"వెళ్లలేదు. ఆ మద్రాసు రైలు ఒంగోలుకి ఎన్నింటికొచ్చేదో ఇప్పుడడిగినా చెప్తా."

ఇరవై ఐదో తేదీన లిడియా పల్లెకు వెళ్లింది. సంఘ పెద్ద ప్రభు, కేసు వేసిన వాళ్లలో ఒకరైన ఎలీసమ్మ చర్చి అరుగు మీద ఉన్నారు.

"కోర్టు నుంచి పెద్దమనిషి వస్తాడని మీరేగా మేడం ఫోన్ చేసింది" అన్నాడు ప్రభు.

"వస్తారన్నాను. దారి బాగుచేయమన్నానా?"

"చెప్పాలా? బిషప్ గారొస్తుంటే ఎవరైనా చెబితేనే ఊడుస్తామా?"

"రాళ్లు తగిలి ఆయన పడితే మనకి అనుకూలంగా ఏం రాస్తాడనుకున్నాం" అంది ఎలీసమ్మ.

రెండో తనిఖీ దాకా రాళ్లు కదపవద్దని లిడియా చెప్పింది.

"రెండో తేదీ సమాధుల పండగ గదమ్మాయ్."

"తెలుసు పెద్దమ్మా."

ఎలీసమ్మ భర్త పిచ్చయ్య ఇరవై రెండేళ్లు క్వారీలో రాయి కొట్టాడు. రెండేళ్ల కింద చనిపోయాడు. ఆయన సమాధి మట్టి దిబ్బ. ఏటా పండగ రోజు ఆమె గడ్డి పీకి సున్నం కొడుతుంది.

"రాళ్లు తియ్యను. ఎక్కి అవతలికి పోతా."

"మీరు ఎక్కుతుంటే క్వారీ వాళ్లు ఫొటో తీస్తారు. పోవడానికి దారి ఉందని కోర్టులో చూపిస్తారు."

"అంటే ఆయన దగ్గరికి పోవద్దంటావు."



"ఈవిడ హైదరాబాద్ పోతందంట ఎలీసమ్మా. సీనియర్ గారు చెప్పారు" అన్నాడు ప్రభు.

ఎలీసమ్మ లిడియా వైపు తిరిగింది. "నన్ను ఆగమంటన్నావు. మరి నువ్వు ఆగుతావా?"

లిడియా ఒంగోలు బస్సు వచ్చేదాకా అరుగు మీదే కూర్చుంది.

నవంబరు 2, ఆదివారం. ఉదయం ఏడు గంటలకు ముప్ఫై ఒక్క కుటుంబాలు రాళ్లకు ఇవతల నిలబడ్డాయి. పాస్టరు ప్రార్థన చేశారు. కొవ్వొత్తులు నేల మీద వెలిగించారు. లిడియా కూడా వచ్చింది. ఎలీసమ్మ సున్నం బకెట్ కింద పెట్టింది.

"నీకు కళ్లద్దాలున్నాయిగా. మూడో వరస, వేప మొక్క పక్కన. కనపడతందా?"

"కనపడుతోంది. గడ్డి మొలిచింది పెద్దమ్మా."

"ఎంత?"

"మోకాలెత్తు."

"వానలు బాగా పడ్డాయిలే ఈ ఏడు" అంది ఎలీసమ్మ.

ఎవరూ రాళ్లు దాటలేదు. ఎనిమిదిన్నరకు అందరూ వెనక్కి వెళ్లారు.

మూడో తేదీన కంపెనీ నుంచి లిడియాకు రెండుసార్లు ఫోన్ వచ్చింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి రాలేనని చెప్పింది. కారణం అడిగారు. మర్నాడు వాయిదా ఉందని చెప్పింది. ఆ వాయిదా అయ్యాక వస్తారా అని అడిగారు. అది ఒక్క వాయిదాతో అయ్యేది కాదని చెప్పింది.

నాలుగో తేదీ ఉదయం 11 గంటల 40 నిమిషాలకు కేసు పిలిచారు. దారికి అడ్డం లేదని పల్లె వాళ్లే సున్నం గీసి మరీ చూపించారని క్వారీ తరఫు న్యాయవాది అన్నారు. కోర్టు హాల్లో కొందరు నవ్వారు. పదహారో తేదీన పల్లె వాళ్లు తీసి పంపిన ఫొటోలు లిడియా ఇచ్చింది. తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. కోర్టు రెండో తనిఖీకి అనుమతించి, నెలాఖరులోగా నివేదిక ఇవ్వమంది.

ఆరో తేదీన కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగానికి మళ్లీ ప్రకటన పెట్టింది. అర్హతలు మారలేదు. లిడియా ఆ పేజీని ఆరో తేదీన ఒకసారి, తొమ్మిదో తేదీన ఒకసారి తెరిచింది. పదకొండో తేదీన తెరిచేసరికి ప్రకటన తీసేశారు.