కాళ్ల దిక్కు నవారు

కుక్కల మెడపట్టీలు తెగలేదు... ఎవరో కోశారు.

రాత్రంతా రాలిన బొగ్గుపొడి అన్నిటి మీదా ఉంది. రేకుల మీద, జామాకుల మీద, అరుగు ముందున్న చిన్నబండి మీద, ఆ బండిలో పడి ఉన్న పట్టీల మీద.

కోసిన అంచు మీద మాత్రం లేదు.

అది తెల్లగా ఉంది.

అంటే, తెల్లవారాకే కోశారు.

ముత్తయ్య చేతుల మీద జరుగుతూ బండి దగ్గరికి వచ్చాడు. బొగ్గుబాయిలో పైకప్పు కూలిననాడు అతని కాళ్లు మోకాళ్ల పైదాకా పోయాయి. అప్పటి నుంచి మంచం. మంచం, గోడ... మళ్లీ మంచం.

భార్య బుచ్చవ్వ చీకటితోనే కూలికి పోయింది. అరుగు కింద కుక్కలు రెండూ పడుకుని ఉన్నాయి. కర్రి, బొల్లి.

కర్రి దగ్గింది.

నస్పూర్‌లో కుక్కలు లాగే బండి ఇదొక్కటే. బేరింగు చక్రాల మీద ఒక పలక. పట్టీలు కుట్టింది పక్కింటి లింగమూర్తి, ఊళ్లో ఎడ్లను అమ్ముకుని ఇక్కడికి వచ్చినవాడు. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ నవారు కుక్కల తోలును కోస్తుందన్నాడు. పాత నూలు నవారే కావాలన్నాడు.

అది ముత్తయ్య మంచానికే ఉంది.

"కాళ్లే లేవు, ఇగ కాళ్ల దిక్కు నవారెందుకు లింగన్నా? ఇప్పెయ్" అని నవ్వాడు ముత్తయ్య.

సగం మంచం కుక్కల మెడలకెక్కింది.

ఆ బండి మీద చౌరస్తా హోటల్ దాకా. అంతే. ఒక చాయ్, నలుగురి మాటలు, ఇంత ఎండ.

ఆ 'అంతే' లేకపోతే మళ్లీ గోడ.

ఎవరు కోశారు?

ఎదురింటి పర్శరాములు కావచ్చు. బండి కదిలితే చాలు, వాకిట్లోంచి అరుస్తాడు. "ఏం ముత్తన్నా, లైసెన్సున్నదా? నీ ఇంజన్లు రాత్రంత మొరుగుతున్నయ్, జర సైలెన్సర్ పెట్టియ్యరాదు!"

పళ్లు కొరకాలనుకున్నాడు ముత్తయ్య. దవడ కదల్లేదు. కోపం కూడా అలసిపోతుంది...

అప్పుడు చూశాడు.

లాగుడు తాళ్లు బండిలో లేవు. చక్కగా చుట్ట చుట్టి, కొసను లోపలికి దోపి, దర్వాజ పక్క కొయ్యకు తగిలించి ఉన్నాయి.

పగవాడు చుట్టడు.

నాగలి విప్పాక పగ్గాలను అలా చుట్టి పెట్టేది ఎడ్లను సాకినవాడు. అలసటలోనూ చుడతాడు. తప్పు చేస్తూ కూడా చుడతాడు.

కర్రి మళ్లీ దగ్గింది. పొడి దగ్గు... బాయి నుంచి ఎక్కివచ్చిన మనిషి దగ్గు.

రోజూ ఈ వేళకే లింగమూర్తి వస్తాడు. ముత్తయ్యను ఎత్తి పలక మీద కూర్చోబెడతాడు. పట్టీలు బిగిస్తాడు. కుక్కలకు ముందు నడుస్తాడు.

ఇవాళా వచ్చాడు. కానీ పట్టీల కోసం వంగలేదు. గోడకు ఆనుకుని, కర్రినే చూస్తూ నిలబడ్డాడు.

ముత్తయ్య తెల్లని అంచును రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తాడు.

"నేనే కోసిన ముత్తన్నా. పర్శరాములును అనకు. ఎడ్లకు కాడి పెట్టినట్టు కుక్కలకు మెడకు కట్టిన. నాకు గదే ఎరుక. ఎద్దు మెడతోని గుంజుతది... కుక్క రొమ్ముతోని గుంజాలె. నువ్వు ఎనుక కూసుంటవ్, నీకు తోకలే కనవడ్తయ్. ముందట నడిచేటోన్ని, నాకు మొఖాలు కనవడ్తయ్. నిన్న హోటల్ కాడ కర్రికి నీళ్లు పెడితే మింగలేకపోయింది. మెడ కింద బొచ్చు ఊడి తోలు ఎర్రగైంది. చెప్దామనే వచ్చిన పొద్దుగాల. రొమ్ముపట్టీ కుట్టాలంటే ఇంకింత నవారు గావాలె. ఉన్నది నీ ఈపు కిందిదే. నువ్వు దాని మీదనే పండుకున్నవ్... నిన్ను లేపి అడుగనీకి నోరు రాలే అన్నా. అడుగుడు కంటే కోసుడు అల్కగనిపించింది. మంచంల పడ్తవని ఎరుకుండే కోసిన. కోసినంక జూస్తే... ఇంత బొగ్గుపొడిల గూడ నవారు లోపలంత తెల్లగనే ఉన్నది."