ముత్యాలమ్మ తల ఊపింది

మా అమ్మాయి కీర్తిక ఏం చేస్తుందని ఎవరడిగినా నేను తడుముకోను. "తిమింగలాన్ని సాకుతుంది" అంటాను. అవతలివాళ్ళ పిల్లలందరూ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళే కాబట్టి ఒక్క క్షణం వాళ్ళకి నోట మాట రాదు. అలా వాళ్ళు నోరు తెరుచుకుని నిలబడటం చూస్తే నాకు కడుపు నిండుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారా, అనుకోండి. ఈ పరాయిదేశంలో మేముండే సెంగ్‌కాంగ్ పేట మొత్తం వెతకండి, తిమింగలం చేత మాట వినిపించుకునే పిల్ల ఇంకొకతె దొరికితే అప్పుడు మాట్లాడదాం.

ఆ తిమింగలం బెలూగా జాతిది. పాలలా తెల్లగా ఉంటుంది. పార్కువాళ్ళు దానికి పెర్ల్ అని పేరు పెట్టారు గానీ మా ఇంట్లో మాత్రం అది ముత్యాలమ్మ. పసిగా ఉన్నప్పుడే ఏదో మంచు సముద్రంలో పట్టి తెచ్చి చల్లనీళ్ళ కొలనులో పెట్టారట. ఇప్పుడా పార్కు మూతపడుతోంది. ఇలాంటి ఆటలు చూడటానికి జనం రావడం లేదు. రాకపోవడమే మంచిది, నన్నడిగితే. కానీ ముత్యాలమ్మ ఎక్కడికి పోవాలి? నడిసముద్రంలో వదిలేస్తే దానికి వేట రాదు, ఆకలితో చచ్చిపోతుంది.

ఇక మిగిలినవి రెండు దారులు. ఉత్తరాన ఒక చలిదేశంలో సముద్రపు పాయకి అడ్డంగా వల కట్టి, ఇలా కొలనుల్లో పెరిగిన తిమింగలాలకి చోటిస్తున్నారు. అక్కడ ఆటలుండవు, టిక్కెట్లుండవు. రెండోది ఇంకో దేశంలో ఇంకో ప్రదర్శనశాల. మళ్ళీ బంతులు, మళ్ళీ చప్పట్లు. వాళ్ళు ఎప్పుడిస్తే అప్పుడు పట్టుకుపోవడానికి సిద్ధంగా ఉన్నారు. పాయవాళ్ళేమో ఒళ్ళూ మనసూ బాగున్న జంతువునే తీసుకుంటారు. అంత దూరం ప్రయాణం తట్టుకోవాలి కదా. ముత్యాలమ్మని పరీక్షించడానికి అక్కణ్ణుంచి ఒక దొరసాని వచ్చింది.

పరీక్ష జరిగిన సాయంత్రం కీర్తిక ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద కలపలేదు.

"ఏవైందే?" అన్నాను.

"ఫెయిల్ అమ్మా. ముత్యాలుకి హెడ్ ప్రాబ్లం అంటున్నారు. స్ట్రెస్‌తో తల అలా ఊపుతోందంట, నరాల జబ్బు కూడా అవ్వచ్చంట. రేపు లాస్ట్ టైమ్ చూస్తారు. కానీ హోప్ లేదు లా."

"ఊపడమంటే ఎలాగ?"

ఫోనులో వీడియో చూపించింది. కీర్తిక కొలను గట్టు మీద చేపల బకెట్‌తో కూర్చుని ఉంది. ముత్యాలమ్మ నీళ్ళలోంచి తల పైకెత్తింది. కీర్తిక ఏదో అడిగింది. ముత్యాలమ్మ తల ఈ భుజం వైపు కాస్త, ఆ భుజం వైపు కాస్త వాల్చి మెత్తగా ఊపింది. మిగతా తిమింగలాలకి మెడ తిరగదట, వీటికి తిరుగుతుందట. మా ఆయన కృష్ణప్రసాద్ నా వెనక నుంచి తొంగిచూసి "అయ్యో పాపం" అన్నారు.

నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పొలమారి మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

"జబ్బేంటే నీ మొహం. అది సరే అంటోంది."

"వాట్?"

"నిన్ను నువ్వు చూసుకో. దాన్ని అడిగేటప్పుడు నీ తల ఏం చేస్తోందో చూడు."

కీర్తిక వీడియో మళ్ళీ పెట్టింది. నోరు చూడాలన్నా, రెక్క పట్టుకోవాలన్నా, రక్తం తీయాలన్నా ముందు దాన్ని "సరేనా?" అని అడగడం తనకి అలవాటు. ఆ అడగడంలో తల అచ్చం మనవాళ్ళలాగే ఇటూ అటూ ఊగుతోంది. ఎవరి తల వాళ్ళకి కనిపించదు కదా. ఈ పిల్ల పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ, నేను తెలుగులో తిట్టినా ఇంగ్లీషులో, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి జవాబు చెప్తుంది. మాట ఇంగ్లీషైపోయింది గానీ తల మాత్రం కాకినాడదే.

"అయ్యో, నేనే నేర్పానా" అంది కీర్తిక, రెండు చేతులతో తల పట్టుకుని.

మర్నాడు బ్యాంకుకి సెలవు పెట్టి నేనూ బయల్దేరాను. నన్నెవరూ రమ్మనలేదు. పిలవని పేరంటమే, అయినా వెళ్ళాను. బయట ఎండ మాడుస్తుంటే కొలను దగ్గర మాత్రం ఫ్రిజ్‌లో నిలబడ్డట్టుంది. కీర్తికతో పాటు ముత్యాలమ్మని చూసుకునే యాకూబ్ అని మలయ్ కుర్రాడున్నాడు. "ఆంటీ, జారుతుంది, జాగ్రత్త" అని బూట్లు తెచ్చిచ్చాడు.

దొరసాని పొడుగ్గా ఉంది. మర్యాదస్తురాలే కానీ నవ్వదు. నేను నా బ్యాంకు ఇంగ్లీషులో విషయమంతా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ విని, "మీరిప్పుడు అవునంటున్నారా, కాదంటున్నారా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది నా తల కూడా ఆగడం లేదని.

యాకూబ్ గట్టు మీద కూర్చుని, తల కదపకుండా, ఎప్పుడూ చేసినట్టే చేత్తో సైగ చేశాడు. ముత్యాలమ్మ నోరు తెరిచింది, తల ఊపలేదు. కీర్తిక మెడ బిగించుకుని అడిగింది. ఊపలేదు. అప్పుడు నేను వంగాను. అంత దగ్గరగా దాన్ని చూడటం నాకదే మొదలు. చిన్న నల్లటి కళ్ళు, నున్నటి పెద్ద నుదురు. "ఏవమ్మా ముత్యాలమ్మా, బాగున్నావా? నోరు చూస్తాం, సరేనా?" అని తల ఊపాను. అది నన్ను ఎగాదిగా చూసింది. చూసి, ఈ భుజానికోసారి, ఆ భుజానికోసారి తల వాల్చి ఊపింది. మా అమ్మ వీధరుగు మీద కూర్చుని కూరలబండివాడితో బేరం ఒప్పుకునేటప్పుడు అచ్చం అలాగే ఊపేది.

"ఇది జబ్బు కాదు" అంది దొరసాని. నేను యాకూబ్ వైపు చూశాను, ముత్యాలమ్మని కన్నది నేనే అన్నంత ధీమాగా.

కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. "అడిగిన ప్రతిసారీ ఇది అవుననే అంటుందా?"

"ఎప్పుడడిగినా అంటుంది" అన్నాను, గొప్పగా.

"నా భయమంతా అదే. సముద్రంలో దీన్ని కట్టేసి చూడలేం, బాగోలేకపోతే అదే తెలపాలి. నొప్పి ఉన్నా, భయమేసినా అవుననే జంతువుని నేనెలా కాపాడను? మనుషుల్ని మెప్పించడం ఒక్కటే తెలిసిన దాన్ని మేం తీసుకోలేం."

నాకు గంగిరెద్దు గుర్తొచ్చింది. ఎవరేమడిగినా తల ఊపడమే దాని బతుకు. నా కూతురు ఇన్నేళ్ళూ తయారు చేసింది గంగిరెద్దునా?

"నో కూడా చెప్తుంది" అంది కీర్తిక.

లేచి వెళ్ళి, ఆటల్లో వాడే ఎర్ర బంతి తెచ్చింది. ముత్యాలమ్మకి చూపించి, "ఆడదామా? సరేనా?" అని తల ఊపుతూనే అడిగింది. ముత్యాలమ్మ బంతి వైపు చూసింది. నిదానంగా వీపు తిప్పి కొలను ఆ చివరికి వెళ్ళిపోయింది. కీర్తిక పిలవలేదు, విజిల్ ఊదలేదు. బంతి పక్కన పెట్టి, గట్టు చుట్టూ నడిచి వెళ్ళి, అది ఉన్నచోటే దానికి చేప వేసింది.

"వద్దన్నందుకు చేపా?" అంది దొరసాని.

"వద్దంటే ఆకలితో ఉండాలని తెలిస్తే ఇంక వద్దని ఎప్పుడంటుంది?" అంది కీర్తిక.

యాకూబ్ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "అందుకే కదా ఆంటీ, కీర్తికని షోల నుంచి తీసేశారు. పెర్ల్ నో అంటే ఈమె షో ఆపేసేది. జనం కూర్చునుండేవాళ్ళు, మేనేజర్ అరిచేవాడు. చాలాసార్లు అయింది."

ఉదయం పూట పని కావాలని తనే అడిగి మార్పించుకున్నానని మాకు చెప్పింది. ఆ రాకాసి పిల్ల ఇంట్లో ఒక్క ముక్క అనలేదు. నాకు ముందు కోపం వచ్చింది, ఆ మేనేజర్ ఎదురుగా ఉంటే నాలుగు దులిపేద్దునన్నంత. ఆ తర్వాత వచ్చింది మాత్రం గర్వమే. తిమింగలాన్ని సాకుతుందని ఊరంతా చెప్పుకున్నాను గానీ, దాని 'వద్దు'కి కాపలా కాసిందని నాకే తెలియదు.

దొరసాని తన కాగితాల్లో ఏదో కొట్టేసి, వేరేది రాసుకుంది. "తీసుకెళ్తాం" అంది చివరికి. ఆ తర్వాత కీర్తికతో, "నువ్వు కూడా రా. మొదటి చలికాలమంతా మాతోనే ఉండు" అంది. కీర్తిక బదులు నేనే తల ఊపేశాను.

"నేను రాను" అంది కీర్తిక.

ట్రైన్లో దారంతా నేను సాధిస్తూనే ఉన్నాను. "ఎవత్తైనా ఇలాంటిది వదులుకుంటుందా? కళ్ళకద్దుకుని వెళ్ళాలి. బుద్ధుందా నీకు?"

"అమ్మా, నేనుంటే అది గట్టు దగ్గరే ఉండిపోతుంది, నా మొహం చూస్కుంటా. అంత సముద్రం ముందర పెట్టుకుని మళ్ళీ నేనే దాని ట్యాంక్ అయిపోతా. వద్దు లా."

అంతకన్నా నన్ను వాదించనివ్వలేదు.

ముత్యాలమ్మని పంపే రోజు పార్కు వెనక వాకిట్లో పెద్ద లారీ, క్రేను సిద్ధంగా ఉన్నాయి. చివరి మెట్టు ఒక్కటే మిగిలింది. అది తనంతట తానే వెళ్ళి గుడ్డ ఊయలలో పడుకోవాలి. బలవంతం చేస్తే బెదురుతుంది, బెదిరితే ప్రయాణం ఆగిపోతుంది. ఆ పిలిచేది యాకూబ్. విమానంలో తోడు వెళ్ళి దించి వచ్చేదీ అతనే. కీర్తిక స్తంభం వెనక గోడకి ఆనుకుని నిలబడింది, ముత్యాలమ్మ కంటపడకుండా. పక్కన నేను.

యాకూబ్ పిలిచాడు. ముత్యాలమ్మ రాలేదు. నీళ్ళలోంచి తల ఎత్తి అటూ ఇటూ వెతికింది. పిట్టలా కూసింది. మళ్ళీ కూసింది. యాకూబ్ కంగారుగా స్తంభం వైపు చూశాడు.

"వెళ్ళవే, ఒక్కసారి కనిపించి రా" అన్నాను నేను. నా వల్ల కాలేదు.

కీర్తిక కళ్ళు గట్టిగా మూసుకుంది. నా చెయ్యి పట్టుకుంది. కాలు మాత్రం కదపలేదు.

ముత్యాలమ్మ కొలను చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ తర్వాత యాకూబ్ దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఊయల మీదికి ఒళ్ళు చేర్చి పడుకుంది. క్రేను మెల్లగా పైకెత్తింది. తడిసిన తెల్లటి ఒంటి మీద ఎండ పడింది.

"అమ్మా, నాకోసం చూసిందా?" అంది కీర్తిక, కళ్ళు తెరవకుండానే.

అబద్ధం చెబుదామనుకున్నాను. నా బిడ్డ ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"చూసిందే. చాలాసేపు చూసింది. తర్వాత నువ్వు లేకుండానే వెళ్ళింది."

"అయితే బతుకుతుంది" అంది నా కూతురు, అప్పుడు గానీ ఏడవలేదు.