కత్తిరించిన చప్పుళ్లు

పొద్దున్నే అంట్లు తోమి, చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె రెండో చాకిరీ మొదలవుతుంది: మొగుడి పాటల్లోంచి మొగుడి ఊపిరి కత్తిరించడం. ర్యాప్ పాడేవాడు గుక్క తిప్పుకున్న చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, వీధిలో కుక్క అరుపు, అన్నీ ఏరిపారేస్తేనే ఆ గొంతు కడిగిన ముత్యంలా వినిపిస్తుంది. అభిమానులు అతన్ని పిడుగు అంటారు. ఇది తొలి ఆల్బమ్. పదకొండు పాటలు, రెండేళ్ల పని. అట్ట మీద డ్రమ్ములవాడి పేరుంది, ఫొటో కోసం బైకు అరువిచ్చినవాడి పేరు కూడా ఉంది. ఆమెది లేదు. "ఇంట్లోవాళ్లకి థాంక్స్ ఏంటే, ఎబ్బెట్టుగా!" అన్నాడు.

పిడుగుకి ఒక అలవాటుంది. పాడుతుండగా బయట ఏ అలికిడైనా గదిలోంచి ఊడిపడతాడు. మైకు మాత్రం ఆపడు. అంత ఆవేశంలో అది గుర్తుండదు మరి! గిన్నె జారితే చెంపదెబ్బ. కుక్కర్ కూత వేసిన రోజు జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు, రెండుసార్లు. దగ్గు ఆపుకోలేకపోయిన రోజు వేలు విరిచాడు. ఆ ఊపులోనే వెళ్లి పాడేసేవాడు. మర్నాడు ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తన తల గోడకి తగిలిన చోటు వెతికి, కత్తిరించి, రెండు అంచులూ అతికేది. విరిగిన వేలితో పని సాగకపోతే "ఇంకెంతసేపే?" అని తిట్లు. ఒళ్లు మండిపోయేది. కత్తిరించిన ముక్కల్ని మాత్రం ఎందుకో పారెయ్యలేదు.

"వాడికి కోపం ఒక్కటే గానీ మనసు బంగారమమ్మా. వాళ్ల నాన్న ముందు వీడెంత!" అనేది అత్తగారు, ఐసుముక్క గుడ్డలో చుట్టి అందిస్తూ.

పదకొండో పాట ఆ అత్తగారి మీదే. 'మా అమ్మని కొట్టిన చెయ్యి నరుకుతా' అని పల్లవి. అది పాడుతుండగా వంటింట్లో కూరలు తరిగే చప్పుడు వినిపించిందని వచ్చి ఆమె కడుపులో తన్నాడు. మర్నాడు ఆ ముక్క కత్తిరించబోతూ వింది. తన్ను. తన మూలుగు. ఆపైన అతని గొంతు: "అమ్మ పాట పాడుకుంటున్నాను, బుద్ధుందా?" ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ తన పీక తానే కోసుకుంటోంది. 'ఇక కొయ్యను' అనుకుంది. ఆల్బమ్ ఆఖరి కాపీ పాటల కంపెనీకి పంపే పని కూడా ఆమెదే.

తొలిసారి వినిపించే రోజు కంపెనీ హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. ముందు వరసలో పిడుగు, పక్కన అత్తగారు, ఆ పక్కన ఆమె. పదకొండు పాటలూ అయి, చప్పట్లు మోగుతుండగానే పన్నెండోది మొదలైంది. చెంపదెబ్బ. గిన్నె. గోడ, గోడ. చెంపదెబ్బ. రెండేళ్ల ముక్కల్నీ ఆమె తాళానికి కూర్చింది. కొత్త దరువేదో బాగుందని పిడుగు తల ఊపడం మొదలుపెట్టాడు కూడా. అత్తగారు మాత్రం రెండో దెబ్బకే చటుక్కున తన చెంప కప్పుకుంది. అంతలో తన్ను, మూలుగు, హాలంతా అతని గొంతు: "బుద్ధుందా?"

పిడుగు లేచాడు. అలవాటు కొద్దీ ఆమె మీదికి చెయ్యెత్తాడు. అత్తగారు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదులమ్మా!"

"వదలను."

కంపెనీ మేనేజరు బిత్తరపోయి, "ఈ పాటెవరిది?" అన్నాడు.

"ఆయనదేనండీ," అంది ఆమె. "నేను కత్తిరించినవి పారెయ్యలేదంతే."