కందిబేడంత

నిజాం కాలంలో, ఫసలీ 1353లో, నేను ఖిల్లా ఘణపూర్ బడిలో పంతులుగా ఉన్నాను. మా అమ్మాయి జములమ్మకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఏడో తరగతి పరీక్ష రాయడానికి వనపర్తి వెళ్లాలి. పుష్యమాసం నడుస్తున్నది, పరీక్షకు ఇరవై నాలుగు రోజులున్నాయి. మా ఊరి నుంచి ఆ ఏడు పరీక్షకు కూర్చునే ఆడపిల్ల ఆమె ఒక్కతే. పాఠాలన్నీ వచ్చు. కాని పోనంటున్నది.

ఎందుకో నాకు చెప్పలేదు. ఇటువంటి మాటలు వాళ్లమ్మతో చెప్పుకునేది. నా భార్య వెంకటమ్మ పోయి నాలుగు నెలలయింది. చివరికి సంగతి చెప్పింది పక్కింటి ఎంకమ్మ. పిల్ల ముఖం నిండా మొటిమలు లేచాయట, వనపర్తిలో నలుగురూ చూసి నవ్వుతారని భయపడుతున్నదట. అప్పుడు చూశాను. నుదుటి మీద, చెంపల మీద, గడ్డం కింద ఎర్రటి పొక్కులు. కొన్నింటిని గిల్లుకున్న గుర్తులూ ఉన్నాయి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న పిల్లే, నేనే చూడలేదు.

మందు తెస్తానంటే ఎంకమ్మ నవ్వింది.

"వయసుకు మందేంది పంతులూ? నాకు గూడ గిట్లనే ఉండె. మా ఆయన నా మొఖం చూసి చేసుకున్నడా? మా బర్రెను చూసి చేసుకున్నడు."

జములమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది.

బడికి శుక్రవారం సెలవు. పెద్దమందడి మీదుగా వనపర్తి పోయే బండి ఒకటి దొరికితే ఎక్కాను. దవాఖానలో కంపౌండర్ ఇస్రాయేలు నాకు తెలిసినవాడే. చలికాలం వచ్చిందంటే మా బడి పిల్లల్లో సగం మందికి గజ్జి పడుతుంది; వాళ్లకు గంధకం మలాం ఏటా ఆయన దగ్గరే తెచ్చేవాణ్ణి. ఈసారి మొటిమలకని చెప్పాను. ఆయన పింగాణీ పలక మీద కొంచెం గంధకం, వేసలీన్ వేసి నూరుతూ, ఎట్లా వాడాలో చాలాసేపు చెప్పాడు. నేను తలుపు పక్కనున్న బల్లను చూస్తూ నిలబడ్డాను. భాద్రపదంలో వెంకటమ్మను తీసుకొచ్చినప్పుడు డాక్టరు పిలిచేదాకా ఆ బల్ల మీదే కూర్చున్నాం. కంపౌండర్ చెప్పిందంతా విన్నాననే అనుకున్నాను. తల ఊపి, డబ్బా జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి డబ్బాను గూట్లో పెట్టాను. "మందు తెచ్చిన. మొఖానికి రాయి" అన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ మూడు రోజులూ జములమ్మ బడికి రాలేదు. వంటింట్లో వెలుతురు తక్కువ. అక్కడే గోడ వైపు తిరిగి చదువుకునేది, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నాకు వడ్డించేది. గంధకం వాసన వస్తూనే ఉంది. రాస్తున్నది కదా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున బయట నీళ్ల గోలెం దగ్గర ముఖం కడుక్కుంటూ ఏడ్చింది. వెళ్లి చూస్తే నీళ్లు తగిలిన చోటల్లా కందగడ్డలా ఎర్రబారి ఉంది. ముక్కు పక్కన, పెదవుల చివర తోలు పొరలు పొరలుగా లేస్తున్నది. కళ్ల కింద ఉబ్బింది.

నేను నోరు తెరిచేలోపే ఎంకమ్మ వచ్చింది. చూసి చెంపలేసుకుంది. అమ్మవారు పోసిందనీ, గడపకు వేపమండలు కట్టమనీ, నీళ్లు తగలనీయొద్దనీ, వేపాకూ పసుపూ నూరి తెచ్చి తానే పూస్తాననీ చెప్పింది. నేను జములమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు. చేతుల మీద, మెడ మీద ఒక్క పొక్కు లేదు. ఇది అమ్మవారు కాదనీ, ముఖానికి ఇంకేమీ పూయొద్దనీ ఎంకమ్మకు నెమ్మదిగానే చెప్పాను. మనసు కష్టపెట్టుకుని వెళ్లిపోయింది.

గూట్లోని డబ్బా తీశాను. సగం ఖాళీ.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"నువ్వు బడిల చెప్పినట్లే రాసిన నాయినా. దట్టంగ రుద్ది మూడు దినాలు కడగలే."

గజ్జి పట్టిన పిల్లలకు ఏటా ఆ మాట నేనే వల్లె వేయించేవాణ్ణి. మెడ నుంచి అరికాళ్ల దాకా దట్టంగా రుద్దు, మూడు దినాలు కడగకు, నాలుగో దినం వేడినీళ్లు పోసుకో. ఎక్కాలతో పాటు అదీ చెప్పించేవాణ్ణి. అదే పసుపురంగు, అదే వాసన. ఈ మందు ఇంకో తీరుగా వాడాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

"మంట పెట్టలేదా?"

"పెట్టింది. మంట పెడితే పని చేస్తున్నట్లేనని గజ్జి పిల్లలకు చెప్తవు గద."

ఆ రోజు బడి మూసి వనపర్తి వెళ్లాను. ఇస్రాయేలుకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిసారి మీ మాటలు నా చెవికెక్కలేదని కూడా చెప్పాను. ఆయన డబ్బా మూత తీసి చూశాడు.

"రెండు నెలలకిచ్చిన మందు సారూ ఇది. మొఖానికి రాసిన్రా, గోడకు అలికిన్రా?"

ఆయన నా ముఖం చూశాడు, ఒకసారి ఆ బల్ల వైపూ చూశాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఈసారి కాగితం, పెన్సిలు అడిగి తీసుకున్నాను. ఆయన చెప్పినది రాసుకుని, తిరిగి చదివి వినిపించాను.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. జములమ్మను వాకిట్లో కూర్చోబెట్టాను. ఆ డబ్బా ఇప్పుడు ముట్టుకోవద్దన్నాను. ఎరుపంతా పోయి తోలు మామూలుగా అయ్యేదాకా చల్లటి నీళ్లతో మెల్లగా కడగడమే. సున్నిపిండి వద్దు, కుంకుడు నురుగు తగలనీయొద్దు. పొరలు లేచిన చోట ఇస్రాయేలు ఇచ్చిన ఒట్టి వేసలీన్ కొంచెం అద్దాలి. కళ్ల వాపు రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. అంతా తగ్గాక మందు మళ్లీ మొదలుపెట్టాలి. ముందు చెవి కింద కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. అక్కడ మంట లేకపోతే ముఖానికి.

"ఎంత రాయాలె?" అంది.

నేను లోపలికి వెళ్లి పప్పు డబ్బాలోంచి ఒక కందిబేడ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాను. దాన్ని చూసి, నన్ను చూసింది.

"మొఖమంతటికీ గింతనా?"

"గింతనే. పలచగ. కండ్ల దగ్గర, ముక్కు సందుల, పెదవుల మీద రాయొద్దు. సాయంత్రం కడిగి, తడి ఆరినంక రాసి, తెల్లారి కడిగెయ్యాలె. దినం విడిచి దినం. మంట పెడితే ఆపి నాకు చెప్పాలె. గిల్లొద్దు."

"ఎన్నొద్దులకు పోతయ్?"

"నెలన్నర పడ్తది. అన్నీ పోతయని కంపౌండర్ గూడ అనలే. తగ్గుతయన్నడు."

ఆమె కందిబేడను అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. పరీక్షకు ఇరవై రోజులు కూడా లేవని ఇద్దరికీ తెలుసు. తర్వాత నా వైపు చూడకుండా, అమ్మ ఉంటే గిట్ల కాకపోవు గద నాయినా అంది.

"కాకపోవు," అన్నాను. "మీయమ్మ అయితే ఆయన చెప్పిందంత వినేదాక ఆడికెల్లి కదలకపోవు. నేను వినలే బిడ్డా. తప్పు నాది."

వెంకటమ్మ పోయాక మా ఇద్దరి మధ్య ఆమె మాట రావడం అదే మొదలు. జములమ్మ కొంగుతో కళ్లు తుడవబోయి, మంట గుర్తొచ్చి ఆగింది. నీళ్లు తెచ్చి ఇచ్చాను. నేను చెప్పినట్టే, రుద్దకుండా, మెల్లగా కడుక్కుంది.

రెండు రోజుల్లో కళ్ల వాపు దిగింది. పదిహేను రోజులకు తోలు కుదుటపడింది. ఎంకమ్మ రెండు మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత తానే మజ్జిగ తెచ్చి పిల్ల ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా బర్రె మొఖం కంటే నయమే ఉంది పో, అంది. ఈసారి జములమ్మ నవ్వింది. చెవి కింద రాసి చూసుకుంది, మంట రాలేదు. పరీక్షకు ముందు ఒకే ఒక్కసారి, కందిబేడంత, ముఖానికి రాసింది. ఆ ఒక్కసారికి మొటిమలేమీ పోలేదు. పోవని ఆమెకూ తెలుసు.

పరీక్షకు ముందురోజు పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. జములమ్మ పుస్తకాల మూట పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"నాయినా, నిజం చెప్పు. ఎట్లుంది?"

దగ్గరికి వెళ్లి, వెలుతురులో నుదురూ చెంపలూ గడ్డమూ చూశాను.

"ఎరుపు పోయింది. మొటిమలున్నయ్. ఎడమ చెంప మీద ఎక్కువున్నయ్."

తల ఊపింది. కొంగు ముఖం మీదికి లాక్కుంది, కాసేపుండి తీసేసింది. మూట బండిలో పెట్టి, నా చెయ్యి అడగకుండానే చక్రం మీద కాలు మోపి ఎక్కింది. నేనూ ఎక్కాను. పెద్దమందడి దాటేదాకా భూగోళం పాఠం అప్పజెప్పింది. రెండు చోట్ల తప్పు పోయింది, సరిచేశాను.