కామేశ్వరి కూర్చునే చోటు

ఆదివారం తెల్లవారుతోందంటే కామేశ్వరికి గుండెల్లో రాయి పడుతుంది. వారానికి ఆరు రోజులు గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. శనివారం పొద్దుపోయేదాకా పేపర్లు దిద్దుతుంది. మిగిలిన ఆ ఒక్క పూట ఒళ్ళెరగకుండా నిద్రపోవాలన్నదే ఆవిడ కోరిక. దేవుణ్ణి అంతకు మించి ఏమీ అడగలేదు. కానీ ఇంకా వెలుతురు రాకముందే భర్త జానకిరామయ్య కాఫీ గ్లాసుతో మంచం పక్కన నిలబడి, ఇవాళ గాలి బాగుందిట, లేస్తావా అంటాడు. గాలి సంగతి ఆయనకు ఫోను చెబుతుంది. ఆవిడ సంగతి ఏ ఫోనూ చెప్పదు.

జానకిరామయ్య స్పిన్నింగు మిల్లులో మెషీన్ల మరమ్మతులు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళు గుడికో, వాకింగుకో, టీవీకో అలవాటు పడతారు. ఈయన యూట్యూబు చూసి, కారు షెడ్డులో ప్లైవుడ్డుతో పడవ కట్టాడు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేని చిన్న తెరచాప పడవ. తెరచాప కుట్టింది షామియానాలు కుట్టే గౌస్ బాషా. పెళ్ళి పందిళ్ళకు వేసే కుట్టే దీనికీ వేశాడు, పాపం ఇప్పటిదాకా ఒక్క పోగు ఊడలేదు. పడవను అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డున, చేపలు పట్టే ఆదెయ్య గుడిసె పక్కన ఉంచారు. భార్యను ఎక్కించుకుని నది మీద తిరగాలని ఆయన ముచ్చట. ఆవిడకు ఆ ముచ్చట లేదు. లేదని చెప్పడం చేతకాదు.

చేతకాదంటే నోరు లేక కాదు. ముప్ఫై ఏళ్ళుగా క్లాసులో పిల్లల్ని గడగడలాడిస్తోంది. కానీ ఈ వైపు సంసారాల్లో ఆడవాళ్ళు మొగుడితో నాకిష్టం లేదు అనరు, ఒక కారణం చెబుతారు. అది వినగానే ఎదుటి మనిషి అర్థం చేసుకుని ఊరుకోవాలి. నచ్చని పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఆడపడుచు ఇంటి ప్రయాణాలూ ఇలాగే తప్పించుకుంటూ వచ్చారు. కామేశ్వరి చేసిన పొరపాటల్లా ఈ పద్ధతిని ఒక ఇంజనీరు మీద ప్రయోగించడం.

మొదటి ఆదివారం వెళ్ళొచ్చాక నడుం నొప్పి అంది. మరుసటి వారానికి ఆయన చెక్క బల్ల పీకేసి, వీపు ఆనించుకునేలా నవారు అల్లిన కుర్చీ బిగించాడు. మీద మిల్లు నుంచి తెచ్చిన పత్తితో దిండు. ఒక్క అల వచ్చి పడేసరికి ఆ దిండు నీళ్ళు పీల్చుకుని రుబ్బురోలంత బరువెక్కింది. ఆ పై వారం దాని స్థానంలో స్పాంజి వచ్చింది, దానికి రెయిన్‌కోటు గుడ్డ తొడుగు.

ఎండ భరించలేను అంది. తాడికొండ దారిలో ఎవరో రైతు దగ్గర మిర్చి ఆరబోసే పట్టా అడిగి తెచ్చి, పడవ మీద పందిరి వేశాడు. ఎన్నిసార్లు ఉతికినా దాని ఘాటు పోలేదు. ఆ పూట ఇద్దరూ అవతలి లంక దాకా తుమ్ముకుంటూ వెళ్ళి, తుమ్ముకుంటూ తిరిగొచ్చారు. తరవాతి వారం కొత్త గుడ్డ, గొడుగు ఊచలు, కావాలంటే మడిచేసుకునే ఏర్పాటు.

పడవ మలుపు తిరిగినప్పుడల్లా తెరచాప అడుగున ఉన్న వెదురు గిర్రున ఇటునుంచి అటు వస్తుంది. అది తలకు తగిలిందంది. తగిలింది కొప్పుకే అనుకోండి. ఆయన వెదురును జానెడు పైకి ఎత్తి కట్టి, సైకిలు ట్యూబు చుట్టాడు. గాలి ఎక్కువైతే భయమేస్తోందంది. తెరచాపను కింది నుంచి మడిచి సగానికి తగ్గించుకునేలా వరసగా తాళ్ళు కుట్టించాడు. తాడు లాగితే అరచెయ్యి కోసుకుపోతోందంది. అప్పటిదాకా తెరచాప ఎత్తడం, దించడం ఆవిడ పని. ఇక నువ్వేదీ ముట్టుకోనక్కర్లేదని చెప్పి, తెరచాప కొయ్య మొదట్లో చిన్న కప్పీలు బిగించి, తాళ్ళన్నీ వాటి గుండా వెనక్కి తెచ్చి, చుక్కాని దగ్గర తన చేతికందేలా పెట్టుకున్నాడు.

ఆరు రోజులు ఆవిడ సుఖం కోసం ఆయన కష్టపడతాడు, ఏడో రోజు ఆ సుఖం అనుభవించలేక ఆవిడ కష్టపడుతుంది. స్టాఫ్‌రూములో ఈ మాట చెబితే హిందీ టీచరు రెబ్కా పడీపడీ నవ్వింది. నవ్వడమయ్యాక, మా ఆయన వంటింట్లో బల్బు మార్చమంటే దసరా దాటించాడండీ అని నిట్టూర్చింది. దాంతో కామేశ్వరికి మొగుడి మీద విసుక్కునే హక్కు కూడా పోయింది. ఇంత చక్కగా చూసుకునే మనిషి వల్ల అలసిపోతున్నానంటే వినేదెవరు.

చివరికి, అనకూడదనుకుంటూనే ఆఖరి కారణం తీసింది. అంతసేపు నీళ్ళ మధ్య ఉంటే ఆడవాళ్ళకు బాత్రూముకి ఇబ్బంది అంది. ఏ మగవాడైనా ఇక్కడ తల దించుకుని ఊరుకుంటాడని ఆవిడ ధీమా. జానకిరామయ్య గంభీరంగా తలూపి, ఆ వారమంతా కాగితాల మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాడు. షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినపడినప్పుడే ఆవిడ ధీమా సడలింది.

ఆ ఆదివారం దారి పొడుగునా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కామేశ్వరి ఏదీ చూడలేదు. కారు అద్దానికి తల కొట్టుకుంటున్నా కునికిపాట్లు పడుతూనే ఉంది. ఒడ్డుకు చేరాక ఆయన పడవ మీది గుడ్డ తొలగించి, పక్కకు జరిగి నిలబడ్డాడు. తెరచాప కొయ్య ముందు చుట్టూ లాక్కునే తెర, లోపల మూత ఉన్న బకెట్టు, పట్టుకోవడానికి ఒక కడ్డీ. తెర ఆవిడ పాత వెంకటగిరి చీరే. గాలికి లేవకుండా దాని అంచుకు ఆదెయ్య ఇచ్చిన వల గుండ్లు కుట్టి ఉన్నాయి. ఆదెయ్య మాత్రం నది వైపు తిరిగి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు జానకిరామయ్య. ఆ గొంతులో ఎగతాళి లేదు. మార్కులు ఎన్నొచ్చాయో అడిగే పిల్లాడిలా ఉంది మొహం.

కామేశ్వరి వెతికింది. కుర్చీ చూసింది, పందిరి చూసింది, తాళ్ళు చూసింది. ఒక్క లోటూ కనపడలేదు. అంత అలసటలో అబద్ధం కూడా తొందరగా తట్టదు.

"నాకు ఇష్టం లేదండీ," అంది. "పడవ బాగుంది. నాకే ఇష్టం లేదు. ఆదివారం పొద్దున పడుకోవాలనుంటుంది నాకు."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఎప్పట్నించి?"

"మొదటి వారం నించి."

"మరి చెప్పలేదేం?"

"చెబుతూనే ఉన్నాగా. నడుమన్నాను, ఎండన్నాను, తలకు తగిలిందన్నాను. ఇన్ని చెప్పినా మీకు తెలీలేదా?"

ఆయనకు కోపం వస్తుందేమోనని ఆవిడ ఎదురుచూసింది. రాలేదు.

"తెలిసింది," అన్నాడు ఆయన. "పందిరి వేసినప్పుడే తెలిసింది. వారమంతా ఇంట్లో ఒక్కణ్ణే ఉంటాను, కామేశ్వరీ. నువ్వొచ్చేసరికి నీకు మాట్లాడే ఓపికుండదు. నీ తప్పు కాదులే. నువ్వు ఏదో ఒకటి బాగాలేదన్నావనుకో, ఆ వారం దానితో గడిచిపోయేది. నీతో మాట్లాడుతున్నట్టే ఉండేది."

కామేశ్వరికి మొదట ఒళ్ళు మండింది. తెలిసి తెలిసి తన నిద్ర పాడుచేశాడన్నమాట. ఆ మంట చల్లారకముందే జాలి కూడా వేసింది. రెండింటినీ కలిపి మోసే ఓపిక లేక, ఆదెయ్య గుడిసె ముందున్న నులకమంచం మీద కూలబడింది. మీరు వెళ్ళి రండి, తాళ్ళన్నీ మీ చేతికందుతున్నాయిగా అంది. ఆయన లైఫ్‌జాకెట్ తొడుక్కుని ఎక్కాడు, ఆదెయ్య పడవను నీళ్ళలోకి తోశాడు.

పడుకోవచ్చు. లేపేవాళ్ళు లేరు. అయినా కళ్ళు మూతపడలేదు. ఖాళీ కుర్చీ మీద నీడ పడేలా పందిరి విప్పి పెట్టి ఉంది. దాని వెనక ఆయన ఒక్కడే వంగి తాళ్ళు లాగుతున్నాడు. ఎవరితోనో చెబుతున్నట్టు ఒకటి రెండుసార్లు చెయ్యెత్తి లంక వైపు చూపించాడు కూడా. పక్కన మనిషి లేదని అంతలోనే గుర్తొచ్చినట్టుంది, చెయ్యి దించేశాడు. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

ఆవిడకు మెలకువ వచ్చేసరికి ఆయన ఒడ్డున ఉన్నాడు, ఎప్పటికంటే ముందే తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. ఎలా ఉందని అడిగితే, ముందు భాగం పైకి లేచిపోతోంది, గాలికి ఎదురు వెళ్ళనంటోంది, నీ బరువు లేదుగా అన్నాడు.

"నా చోట్లో ఒక ఇసుక బస్తా వేసుకోండి."

"వెయ్యొచ్చు," అన్నాడు తాడు చుట్టుకుంటూ. "ఇసుక బస్తా ఏమీ అనదుగా."

ఆ మాట సూటిగా తగిలింది. లోకంలో అలసటంతా తనకే ఉందనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. పని లేక ఇంట్లో కూర్చున్న మనిషి కూడా సాయంత్రానికి అలసిపోతాడని ఎన్నడూ తోచలేదు. తోచనందుకు సిగ్గేసింది. సిగ్గేసినా నిద్ర మాత్రం వదులుకోదలచలేదు.

ఇకమీదట ఆదివారం పొద్దున లేవనని, కాఫీ తెచ్చినా లేవనని ముందే తేల్చి చెప్పింది. ఆయన సరేనన్నాడు. చెట్టు నీడన ఆపిన కారు దాకా ఇద్దరూ నడిచారు. తలుపు తీస్తూ కామేశ్వరి ఆగింది.

"సాయంత్రమైతే ఒక గంట వస్తాను," అంది. "కానీ సాయంత్రం ఎండ పడమట నించి తిన్నగా మొహం మీద కొడుతుంది. ఆ పందిరి దానికి పనికిరాదు."

జానకిరామయ్య ఆవిడను చూశాడు. తరవాత వెనక్కి తిరిగి ఆకాశాన్ని చూశాడు, పడవను చూశాడు. జేబులోంచి కొలిచే టేపు తీసుకుని, ఒక్క నిమిషంలో వస్తానని మళ్ళీ ఒడ్డు వైపు నడిచాడు. ఆయన ఒక్క నిమిషం ఎంతసేపో కామేశ్వరికి తెలుసు. కారు సీటు వెనక్కి వాల్చుకుని, అంతసేపూ పడుకుంది.